పసుపు పెట్టారా అండీ?

పదో తరగతి లెక్కల పరీక్ష మూడుసార్లు తప్పాను. నాలుగోసారి హాల్ టికెట్ కోసం వెళ్తే గుమాస్తా గారు కుర్చీ వేసి, ఏ స్కూలు మాస్టారండీ అని అడిగారు. దయ్యాలను నమ్మడానికి కూడా ఎంతోకొంత చదువు కావాలనుకునేవాణ్ణి, అందుకే ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా అనను. జరిగింది చెబుతాను.

గుడివాడలో కంప్యూటర్లు బాగుచేస్తూ ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. నేనూ, ఇంజనీరింగ్ చదివిన ప్రసాదూ కలిసి రొయ్యల చెరువులకు ఒక సాఫ్ట్‌వేర్ చేశాం. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే, గాలి కలిపే ఏరేటర్లు వాటంతట అవే తిరుగుతాయి. చుట్టరికం లేకపోయినా ప్రసాదు నన్ను బావా అనే పిలిచేవాడు.

సాఫ్ట్‌వేర్‌ను రైతు కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ముందుగా నడిచే చిన్న ప్రోగ్రాము, స్క్రిప్టు అంటాం, ఒకటుంటుంది. అది నేను రాసింది. మా వైపు కొత్త మోటారుకు పసుపు బొట్టు పెట్టనిదే స్విచ్ వేయరు. అందుకని సరదాకి అందులో ఒక ప్రశ్న చేర్చాను: "పసుపు పెట్టారా అండీ? ఇట్లు, సాంబ." అవునని నొక్కితేనే పని ముందుకు సాగుతుంది. ఒకాయన కీబోర్డుకే పసుపు పూసేస్తే పూటంతా బ్రష్షుతో దులిపాను.

మొన్న వేసవిలో కృత్తివెన్ను దగ్గర ఒక చెరువు మీద పని. మిట్టమధ్యాహ్నం. షెడ్డులో అప్పుడే అట్టపెట్టె విప్పిన కంప్యూటర్, నెట్ కూడా లేదు. ఏరేటర్ల సంఖ్య మార్చడానికి ప్రసాదు లాప్‌టాప్‌లో స్క్రిప్టు తెరిచాను.

నా ప్రశ్న లేదు. నా పేరు లేదు. తయారుచేసినవారు అన్నచోట ప్రసాదు పేరొక్కటే ఉంది. రెండేళ్ళ పని మాది. వాడు కిటికీలోంచి చెరువు వైపే చూస్తున్నాడు.

సంఖ్య మార్చి, సాఫ్ట్‌వేర్‌ను మళ్ళీ తయారుచేసి, అంటే బిల్డ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి వాడి చేతికే ఇచ్చాను.

కంప్యూటర్‌లో వాడే పెట్టాడు, మీటా వాడే నొక్కాడు. ఆ చెరువు రైతు వెంకన్న మావయ్యా నేనూ వెనక నిలబడ్డాం. తెర మీద అక్షరాలు వచ్చాయి: "పసుపు పెట్టారా అండీ? ఇట్లు, సాంబ."

మావయ్య నవ్వుతూ పసుపు తేవడానికి వెళ్ళాడు. ప్రసాదు నవ్వలేదు.

"పాత ఫైలేదో కలిసుంటుంది బావా" అన్నాడు, నా మొహం చూడకుండా.

కొత్త ఫోల్డర్‌లో మొదటినుంచి బిల్డ్ చేశాం. మళ్ళీ అడిగింది. స్క్రిప్టులో ఒక్కో వరసా ఇద్దరం చదివాం. ఆ వాక్యం ఎక్కడా లేదు. మూడోసారీ అడిగింది. చివరికి ప్రసాదే కంప్యూటర్‌కు బొట్టు పెట్టి, అవునని నొక్కాడు. ఆ తర్వాత ఆ ప్రశ్న మళ్ళీ కనబడలేదు.

పెన్‌డ్రైవ్ నా దగ్గరే ఉంది. బందరులో బాగా తెలిసినవాళ్ళకు చూపించాను. వాళ్ళకూ ఏమీ దొరకలేదు. నాకు ఈరోజుకీ అంతుపట్టలేదు.

నెలల తరబడి ఇంట్లో నాది అదే పాట, ఆ లైను ఎవరు పెట్టి ఉంటారని. ఒకరోజు మా ఆవిడ చేపలు కడుగుతూ, తల ఎత్తకుండానే అంది:

"ఎవరు పెట్టారని ఊరందరినీ అడుగుతున్నారు. ఎందుకు తీశావని వాణ్ణి ఒక్కసారైనా అడిగారా?"