ఘాట్ రోడ్డు మీద ఆగే కారు

జావా దీవిలోని వొనోసోబో కొండల్లో కాన్పులు చేసే నర్సు లాస్త్రి, మళ్లీ మెకానిక్ విర్యో షెడ్డుకొచ్చింది. ఆమె కారు నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతోంది; షెడ్డుకొస్తే మాత్రం ఏ తేడా కనిపించదు.

"మీ ముందు మహా బుద్ధిమంతురాలన్నా ఇది! నిన్న లారీకి అడ్డంగా ఆగింది. చచ్చాననుకున్నా," అంది.

"పదండమ్మా, నేనూ వస్తా."

ఘాట్ ఎక్కుతుండగా, వేడెక్కిన ఇంజన్ చటుక్కున ఆగింది. కారు వెనక్కి జారింది. లాస్త్రి కేకేసి బ్రేకు తొక్కిపట్టింది. విర్యో దిగి, ఇంజన్ పక్కనున్న సెన్సర్ మీద నీళ్లు పోశాడు. లాస్త్రి తాళం తిప్పగానే స్టార్టయింది.

"దొరికింది దొంగ! వేడికి ఇదే పనిమానేస్తోంది."

షెడ్డుకు తిరిగొచ్చి విర్యో కొత్త సెన్సర్ వేశాక లాస్త్రి స్టీరింగ్ ముందు కూర్చుంది. తాళం మీద పెట్టిన చెయ్యి మాత్రం కదల్లేదు.

"కొండ దిగేదాకా పక్కన కూర్చుంటారా అన్నా?"

విర్యో అవతలి తలుపు తీసి ఎక్కాడు.