బుడగను ఒత్తిన వేలు

ఈ రోజు మా పశువుల ఆసుపత్రిలో ఒక మనిషి మీద అరిచిన అరుపులకు గొంతు ఇంకా మండుతోంది.

గుమ్మఘట్ట దగ్గరి పల్లె నుంచి హనుమక్క తన ఆవును తోలుకొచ్చింది. మూడుసార్లు ఎదకొచ్చినా చూలు కట్టలేదట. చెయ్యి పెట్టి చూశాను. అండాశయం పక్క పొరకు అతుక్కుపోయి ఉంది. అనుమానమొచ్చి, ఆ ఊళ్ళో కృత్రిమ గర్భధారణ సూదులు వేసే అతన్ని పిలిపించాను.

"గుడ్డు లేటుగా పగుల్తాండాది సార్. అందుకే మూడుసార్లూ గుడ్డుండే బుడగను నేనే ఏలితో ఒత్తి పగలగొట్టినా," అన్నాడు, నేను మెచ్చుకుంటాననుకుని.

ఒళ్ళు మండిపోయింది. ఎద మొదలవగానే మెదడు కింది గ్రంథి నుంచి ఒక హార్మోను పొంగుతుంది. దాని ఆజ్ఞ మీద ఎంజైములు ఆ బుడగ గోడను ఒక్కచోట మెల్లగా కరిగిస్తాయి. అందుకు ఒక రోజు పైనే పడుతుంది. ఈలోగా లోపల గుడ్డు పండుతుంది, గోడ దానంతటదే తెరుచుకుంటుంది. ముందే నలిపితే మిగిలేది నెత్తురు, అతుకులు. ఇదంతా అతనికి అరిచి చెప్పాను.

హనుమక్క అతని వైపు తిరిగింది. "కాయ ఊరకముందే చెనిక్కాయ చెట్టు పీకుతారా యాడన్నా?"

అతను నన్నే చూశాడు. "ట్రైనింగులో మీరే నా ఏలు పట్టుకోని, బుడగ ఇట్లుంటాదని చూపించినారు గదా సార్. ఒత్తొద్దని చెప్పలేదే."

నిజమే, చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని తోచలేదు. ఈసారి హనుమక్క నా వైపు తిరిగింది.

ఆ అరుపుల్లో నాకు రావాల్సిన వాటా ఎంతో మీరే చెప్పండి.