పదకొండు వందల నలభై మాటలు

పోయినవి: పదకొండు వందల నలభై మాటలు, ఒక మధ్యాహ్నం, అమ్మ గొంతు. మొదటి అంకె మాత్రం కచ్చితం. కరెంటు పోయేముందు నేనే చూసుకున్నాను.

నరసరావుపేటలో అప్పుడే కంప్యూటర్ సెంటర్ పెట్టారు. పిడుగురాళ్ల సున్నపుబట్టీలో లెక్కలు రాసే నేను ఆదివారాలు బస్సెక్కి వెళ్లి, రాతపని సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాణ్ణి. నాయన మీద నవల రాయాలని నా కోరిక. నాకు ఊహ తెలియకముందే ఆయన క్వారీలో మందు పేలి చనిపోయాడు. మిషన్లో తెలుగు లేదు. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాణ్ణి.

నేర్పే సాయిబుగారబ్బాయి పేరాలు జరపడం, ఒక పేరు ఎక్కడెక్కడుందో వెతకడం, మాటలు లెక్కపెట్టించడం చూపించాడు.

"చివరి అధ్యాయం తెచ్చి మొదట పెట్టుకోవచ్చు బాబాయ్. నవల రాసేవాళ్లకి ఇంకేం కావాలి? మధ్యమధ్యలో మాత్రం సేవ్ చెయ్యి."

"అంతా అయ్యాక ఒకేసారి చేస్తాలే. కూడిక పూర్తికాకుండా కింద గీత గీస్తారంటయ్యా?"

"నీ ఇష్టం. చెప్పి పోవడానికి కరెంటు నీ మేనల్లుడేం కాదు."

ఆ తర్వాతి ఆదివారం అమ్మను వెంట తీసుకెళ్లాను. అన్నేళ్లూ నాయన పోయిన రోజు సంగతి ఎత్తని మనిషి, నావైపు చూడకుండా, తెరకు చెబుతున్నట్టు చెప్పింది. ఆ రోజు నాయన గడప దాటుతూ అన్నదాంతో ముగించింది. అక్షరాలు వెతుక్కుంటూ కొట్టడంలో నాకు మాటలు సరిగా చెవికెక్కలేదు. ఎలాగూ తెరమీద ఉన్నాయి కదా అనుకున్నాను.

"ఎన్నయినయ్‌రా?"

లెక్క నొక్కాను. "పదకొండు వందల నలభై అమ్మా."

ఫ్యాను నెమ్మదించింది. తెరమీది పచ్చటి వెలుగు చుక్కంతై ఆరిపోయింది.

"ఏందిరా, నేను చెప్పినయ్యన్నీ ఏడకి పోయినయ్?"

"మళ్లీ చెప్పాలమ్మా."

"మళ్లీ చెప్తే మీ నాయన మళ్లీ పోవాల," అని లేచి చెప్పులేసుకుంది.

రెండు ఎండాకాలాల తర్వాత అమ్మా పోయింది. ఇప్పటికీ కరెంటు పోయి ఫ్యాను ఆగేటప్పుడు "ఆ పొద్దున..." అని అమ్మ గొంతు మొదలవుతుంది. అక్కడే ఆగుతుంది. గుర్తున్నవి, నాయనతో పనిచేసినవాళ్లను అడిగినవి కలిపి మళ్లీ రాసుకుంటూ వచ్చాను, ఒక్కో పేరాకూ సేవ్ చేస్తూ. వెయ్యి యాభై రెండు అయ్యాయి. గడప దాటుతూ ఆయన అన్నది విన్నది అమ్మ ఒక్కతే.

ఇంకా ఎనభై ఎనిమిది బాకీ.