రంగు ఎవరిదో రాసిన మనిషి

నా చిన్నప్పుడు నేను చెప్పిన మాట మా ఇంట్లో ఎవరూ వినలేదు. డెబ్బై దాటిన ఈ వయసులో నేను అడిగిన మాట జహీరాబాద్‌లో ఎవరూ వినడం లేదు. మా వీధి పాఠశాలకు మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది పాఠశాల గుమాస్తా చేతికిచ్చాను. రెండోది పోస్టులో పంపాను. మూడోది స్వయంగా తీసుకుపోయి ప్రధానోపాధ్యాయుడి బల్ల మీద పెట్టాను. ఆయన దాని మీద టీ గ్లాసు పెట్టాడు. అది నేను మరిచిపోను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొన్న చలికాలంలో మా వీధి పాఠశాలలో సైన్సు ప్రదర్శన పెట్టారు. అంతరిక్షంలోకి పంపిన పెద్ద టెలిస్కోపు తీసిన ఫోటోలను ఫ్లెక్సీల మీద అచ్చు వేయించి గోడ పొడుగునా కట్టారు. ఎన్నడో బయలుదేరిన వెలుగు ఇప్పటికి మన దాకా వచ్చిందట. అంత దూరపు గెలాక్సీలు, చిందిన ముగ్గుపిండిలా, నల్లటి గుడ్డ నిండా ఉన్నాయి. చూసినవాళ్లు తలో మాటా అన్నారు. మొగుడంపల్లి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చెప్పులు విప్పి దండం పెట్టింది. ఆమె వెనక ఉన్న ఒక యువకుడు, "గివన్నీ గ్రాఫిక్స్, కంప్యూటర్ల చేసిన్రు" అని తేల్చేశాడు. ఆ బడి పంతులు ఒకాయన, అక్కడికి పోయి చూస్తే అచ్చం ఇట్లనే కనబడతాయని పిల్లలకు చెబుతున్నాడు. మిగతావాళ్లు గెలాక్సీలకు వీపు పెట్టి సెల్ఫీలు దిగారు.

నేను ఒకటే అడిగాను. ఈ ఎరుపు, ఈ నీలం కెమెరాలో పడ్డవా, మనుషులు వేసినవా? వేస్తే ఏ పద్ధతిన వేశారు? పంతులు నవ్వి, "కాకా, గిది పెయింటింగ్ కాదు, ఫోటో" అన్నాడు. ఆ యువకుడేమో నా భుజం మీద చెయ్యేసి, "మంచిగ అడిగినవ్ తాతా, అంతా అబద్ధమే" అన్నాడు. నేను అబద్ధమని అనలేదు. పంతులు నవ్వినదానికంటే ఆ మనిషి నన్ను తన జట్టులో కలుపుకోవడమే నాకు ఎక్కువ అవమానం అనిపించింది. వెనక ఏమైనా రాసి ఉందేమోనని ఫ్లెక్సీ అంచు ఎత్తి చూశాను. "ముట్టొద్దు తాతా, చినిగిపోతది" అని కాపలా ఉన్న ఆడపిల్ల కసిరింది. అందరూ నవ్వారు.

ఫోటో వెనక చూసే అలవాటు నాకు ఊరికే రాలేదు.

అప్పుడు మాది చిరాగ్‌పల్లి. నా ఏడో ఏట మా అమ్మ పోయింది. ఆమెది ఒక్కటే ఫోటో ఉండేది, జాతరలో తీసిన చిన్న నలుపు తెలుపు ఫోటో. దాన్ని పెద్దది చేయించి, రంగులు వేయించి గోడకు తగిలించాలని మా నాయన అనుకున్నాడు. మా వైపు అప్పటికి రంగు ఫోటోలు రాలేదు. నలుపు తెలుపు ఫోటో మీదే చేతితో రంగులు అద్దేవారు. జహీరాబాద్ బజారులో ఆ పని చేసే ముసలాయనను అందరూ ఫోటో చాచా అనేవాళ్లు.

ఫోటో పెద్దదయ్యాక నాయన, మా మేనత్త, నేను వెళ్లాం. చీర ఏం రంగని చాచా అడిగాడు. నాయన తల దించుకున్నాడు. పదేళ్లు కాపురం చేసిన మనిషికి గుర్తులేదు. మేనత్త మాత్రం తడుముకోకుండా, "ఆకుపచ్చ వెయ్యి చాచా. ముత్తైదువుగ పోయింది, ఆకుపచ్చనే ఉండాలె" అంది. నేను నేరేడు పండు రంగు అన్నాను. తప్పిపోతానేమోనని జాతరలో ఆ రోజంతా అమ్మ తన కొంగు నా మణికట్టుకు కట్టి నడిపించింది. ఆ రంగు నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? "నువ్వు ఊకో, నీకేం ఎరుక" అని మేనత్త నా నెత్తి మీద మొట్టింది.

రంగులు కలపడానికి సమయం పడుతుందని, జర చాయ్ తాగి రమ్మని చాచా వాళ్లిద్దరినీ బయటికి పంపించాడు. అది ఆయన ఎత్తు. వాళ్లు వెళ్లగానే నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, చిన్న చిన్న గాజు సీసాలు ముందు పెట్టి, "ఇగ జెప్పు బేటా" అన్నాడు. నేను చూపించినవి కలిపి తెల్ల కాగితం మీద చుక్క పెట్టాడు. కాదన్నాను. పారబోసి మళ్లీ కలిపాడు. కాదన్నాను. నాలుగోసారికి అవునన్నాను. నేను కాదంటే తన పని మూడుసార్లు పారబోసిన పెద్దమనిషిని మళ్లీ ఎక్కడా చూడలేదు.

పుల్లకు చుట్టిన దూదితో రంగు అద్దుతూ ఆయన అన్న మాటలు ఇవి: "చీర ముదురు రంగుదని ఫోటో చెప్తున్నది బేటా. గంతవరకే అది చెప్తది. ఏం రంగో నువ్వు చెప్తున్నవ్. ఫోటో చెప్పింది వేరే, మనిషి చెప్పింది వేరే." గాజుల దగ్గర ఆగి వాటి రంగు అడిగాడు. నాకు గుర్తు రాలేదు. అమ్మ గాజులు గుర్తులేవని ఏడుపు వచ్చింది. "ఫికర్ జెయ్యకు. తెల్వదంటే తెల్వదనే రాద్దాం" అన్నాడు. రంగులు ఆరాక ఫోటో తిప్పి, వెనక పెన్సిలుతో ఉర్దూలో రాసి, నాకు తెలుగులో చదివి వినిపించాడు. చీర రంగు కొడుకు చెప్పింది. గాజుల రంగు ఎవరికీ తెలియదు, నేను వేసింది.

మేనత్త తిరిగొచ్చి చూసి గొల్లుమంది. "సచ్చిపోయినామెకు నల్లచీర కట్టిచ్చినవా చాచా?"

"నలుపు కాదమ్మా, నేరేడు. కట్టుకున్నది ఆమె, చూసింది గీ పోరడు. నీకు నాకు ఏం ఎరుక?" అన్నాడాయన.

నాయన పైసలిచ్చి ఫోటో తీసుకున్నాడు. నెల తిరగకముందే మేనత్త బీదర్‌లో ఇంకో దుకాణంలో మళ్లీ ఫోటో చేయించి అమ్మకు ఆకుపచ్చ చీర కట్టించింది. చాచా చేసిన ఫోటో ఏమైందని ఎన్నిసార్లు అడిగానో. మేనత్త చెప్పకుండానే పోయింది. ఇంటికొచ్చినవాళ్లందరూ గోడ మీద ఫోటో చూసి, అచ్చం బతికున్నట్టే ఉందని మెచ్చుకునేవారు. మా అమ్మకు ఆకుపచ్చ చీరే లేదు. నా పిల్లలకు తెలిసిన నాయనమ్మ మాత్రం ఆకుపచ్చ చీర మనిషి. నేనెంత చెప్పినా గోడ మీద ఉన్నదే వాళ్లకు నిజం.

ప్రదర్శన అయిన వారానికి డిగ్రీ చదివే మా మనుమరాలు ఆ ఫోటోలను ఫోనులో వెతికి చూపించింది. ఆ టెలిస్కోపు పట్టేది ఎక్కువగా మన కంటికి ఆనని వెలుగట. మనం చూడటానికి దాన్ని రంగుల్లోకి మారుస్తారట. పొడవు తరంగాలకు ఎరుపు, పొట్టివాటికి నీలం, ఇలా ఒక వరుస ప్రకారం వేస్తారట. వేసిన సంగతి వాళ్లు దాచలేదు. మా పాఠశాల గోడ మీద చూసిన ఫోటోయే ఫోనులో కనబడింది, దాని కింద సన్నటి పట్టీలో ఏ వెలుగుకు ఏ రంగు ఇచ్చారో వరుసగా రాసి ఉంది. నా ముఖం ఎరగని ఆ మనుషులు, చాచా పెన్సిలుతో చేసిన పనే చేశారు.

మా ఫ్లెక్సీలో ఆ పట్టీ లేదు. పట్టీ ఉండాల్సిన చోట ఏడుగురు దాతల ముఖాలున్నాయి, చేతులు జోడించి, నవ్వుతూ. వాళ్ల చొక్కాల రంగుల మీద నాకు ఏ అనుమానమూ లేదు.

"నువ్వన్నది కరెక్టే తాతా" అంది మనుమరాలు. ఆ మాటే వచ్చి ప్రధానోపాధ్యాయుడికి చెప్పమంటే, "పోనియ్ తాతా, ఎవరు పట్టించుకుంటరు" అంది. నేను పట్టించుకుంటాను. రంగు వేయడం తప్పు కాదు, వేసినవాళ్లు చెప్పిన మాటను కోసి పారేయడం తప్పు. ఏ బొమ్మ ముందు నిలబడ్డా, ఇందులో చూసింది ఎంత, వేసింది ఎంత అని అడగకుండా కదలలేను. చాచా దగ్గర నేర్చుకున్న ఈ ఒక్క గుణం వల్ల చుట్టాల్లోనూ ఆఫీసుల్లోనూ మొండివాడనిపించుకున్నాను. అయినా వదల్లేదు. ఆ పట్టీ ఉండి ఉంటే పంతులు పిల్లలకు తప్పు చెప్పేవాడు కాదు, అబద్ధమన్న యువకుడికి నోరు పెగిలేది కాదు.

ప్రధానోపాధ్యాయుడు గారూ, ఇది నా నాలుగో ఉత్తరం అనుకోండి. ఆ పట్టీ కోయమన్నది మీరా, దాతలా, ఫ్లెక్సీ అచ్చు వేసినవారా? మీకు తెలియకపోతే తెలియదనే రాయండి, దాన్నీ జవాబుగానే తీసుకుంటాను. కానీ రాయండి, కింద సంతకం పెట్టండి.