థాంబా అంటే ఆగమని

మొన్న కార్తీకంలో మా మనవడు, మా పుట్టినూరి గుట్టకు సిమెంటు మెట్లు వేశారంటూ సెల్‌ఫోన్‌లో ఫోటో చూపించి, ఇక నువ్వూ ఎక్కొచ్చు అమ్మమ్మా అని సంబరపడ్డాడు. వాడికేం తెలుసు! ఆ మెట్లు సరిగ్గా గుట్ట వెనకనున్న సన్న బాట మీదే కట్టారు. అది చూశాక ఆ పూట నాకు అన్నం సహించలేదు.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పెద్దపల్లి వైపు అప్పట్లో ఏ గుట్టకైనా ముందు నుంచి బండ్ల బాట ఒకటి ఉండేది, ఊరంతా దాని మీదే ఎక్కేది. మా గుట్ట వెనక బాట మాత్రం మేకలవాళ్ళకూ, సీతాఫలాల కోసం తిరిగే మాలాంటి కోతిమూకకూ తప్ప ఎవరికీ తెలియదు. అరగంటలో పైకి చేర్చేది. కాకపోతే చలి మొదలైందంటే పొద్దున పూట మంచుకు తడిసి బండలు జారేవి.

డెబ్బైల నడుమ, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, మా అన్నకు బాసర అవతలి ఊరి పిల్లను చేసుకున్నారు. ఆ వదిన మాటలో తెలుగెంతో మరాఠీ అంత. ఆగండి అనడానికి "థాంబా" అనేది. మొదటిసారి విన్ననాడే నేనూ, మా చిన్నబాపు బిడ్డా "ఏ తంబం వదినె, కరెంటు తంబమా?" అని పడీపడీ నవ్వి, ఆమెకు తంబమొదినె అని పేరు పెట్టేశాం. వాడంతా అదే పేరు పాకింది. ఆమె మొదట్లో మాతోపాటు నవ్వేది, తర్వాత్తర్వాత తల వంచుకునేది, అది చూసి మాకింకా హుషారు పుట్టేది. ఎంత పాపిష్టి వయసో! కాదు, వయసు మీదికి నెట్టడమెందుకు, నేనే పాపిష్టిదాన్ని.

ఆ కార్తీకంలో గుట్ట మీది నరసింహస్వామికి దీపం పెట్టి రమ్మని అవ్వ, అమ్మను మేం అట్లాగే పిలిచేవాళ్ళం, మా ముగ్గురినీ పంపింది. వదినను ఏడిపించాలనే వెనక బాటన తీసుకుపోయాం. సగం ఎక్కాక ఇద్దరం కళ్ళతోనే అనుకుని ఉరికాం. వెనక నుంచి "థాంబా! జర థాంబా!" అని పిలుపు. "తంబం ఈడ లేదు వదినె, ఊళ్ళె ఉన్నది" అని పైనుంచి కేకేసి ఇంకా ఉరికాం. మూడోసారి పిలిచినప్పుడు ఆ గొంతులో ఏడుపుంది. నేను విన్నాను. ఆ మాటకు అర్థం నాకు ఆరునెలలుగా తెలుసు. అయినా ఆగలేదు.

దీపం పెట్టి, కళ్ళు విచ్చిన సీతాఫలాలు రెండు తిని తీరిగ్గా దిగొచ్చేసరికి ఆమె బండల నడుమ కూలబడి ఉంది, చీరంతా నెత్తురు. మూడో నెలట. సిగ్గుపడి ఇంకా అన్నకు కూడా చెప్పలేదట.

ఆ సాయంత్రం అన్న నన్ను నిలదీశాడు, పిలిస్తే ఆగలేదా అని.

"పిలువనే లేదన్నా. పిలిస్తె ఆగకపోదుమా?"

వదిన మంచంలో కళ్ళు తెరిచే ఉంది. నన్నే చూసి, గోడవైపు తిరిగి పడుకుంది. అవ్వ మాత్రం "నోట్లె నాలిక లేదానె నీకు? పిలువకుంట గుట్టెట్ల ఎక్కితివి?" అని నెలల తరబడి ఆమెనే సాధించింది. ఆమె కడుపు మళ్ళీ పండలేదు. థాంబా అన్న మాటా ఆ నోట మళ్ళీ రాలేదు. ఏడాది తిరిగేసరికి మాకంటే చక్కగా మా మాటే మాట్లాడింది.

మనవడి పోరు పడలేక పోయినవారం నేనూ వదినా వెళ్ళాం. డెబ్బై దాటినా పొలంలో నలిగిన ఒళ్ళు కదా, వదిన చకచకా ముందు నడిచింది. ఆ బండల చోటికి వచ్చేసరికి నాకు ఆయాసం, మోకాళ్ళు మొరాయించాయి. క్షమించమని ఎట్లా అడగాలో ఇన్నేళ్ళూ తెలియలేదు, అప్పుడు ఆ మాటే నోట్లోంచి వచ్చింది.

"థాంబా వదినె!"

ఆమె వెనుదిరిగి చూసింది. "ఏమంటున్నవే? నాకు సమజ్ కాలే."

"ఆగుమంటున్న."

"గట్లను మరి" అని, ఇనుప కడ్డీ పట్టుకుని నేను చేరేదాకా ఆగింది.

ఇప్పుడక్కడ పక్కా మెట్లు, రెండు వైపులా కడ్డీలు. మేకల బాట ఆనవాలే లేదు, జారే బండ ఒక్కటీ మిగల్లేదు. వదిన తన ఊరి మాట నిజంగానే మరిచిపోయిందో, ఆనాడు నేను తెలియనట్టు ఉరికినట్టే ఈనాడు తనూ తెలియదన్నదో, అడిగే మొహం నాకు లేదు.