పద్నాలుగు పేజీల రేవు

ఆ రోజుల్లో చరిత్ర కాలినడకన దొరికేది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ మా చరిత్ర మండలి పనిచేసిన పద్ధతి అదే. మండలి అంటే భవనమూ బోర్డూ ఊహించుకోకండి. నెల్లూరులో రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన ఇంటి వరండా, అందులో ఒక చెక్క బీరువా, దాని నిండా తాటాకు పుస్తకాలు, చుట్టలు చుట్టిన శాసనాల నకళ్లు, అంతే. ఆ హెడ్మాస్టరుగారిని అందరం పెద్దసారు అనేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నం ఎనిమిది తొమ్మిది మంది చేరేవారు. ప్లీడరు గుమాస్తా, వడ్ల వ్యాపారి, నాటు వైద్యుడు, ఇలాంటివాళ్లు. ఒక్కరికీ చరిత్రలో డిగ్రీ లేదు. అయినా ఏ పొలం గట్టున రాతిమీద అక్షరం కనబడిందని కబురొచ్చినా బస్సు పోయినంత దూరం బస్సులో, ఆ తర్వాత ఎడ్లబండిలో, ఆ పైన మోకాటి లోతు బురదలో పోయి, దాన్ని కడిగి, చదివి, ఆరు నెలలకొకసారి వచ్చే మా సంచికలో అచ్చువేసేవారు. వాళ్లను తలుచుకుంటే నాకిప్పటికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆ గుంపులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఇరవై మూడేళ్లు, మిషన్ బడిలో టీచరుద్యోగం, అందరికంటే నాకే ఎక్కువ తెలుసునన్న నమ్మకం, మూడూ నాకు ఒకే ఏడాది వచ్చాయి. మా అమ్మ రెండు షరతుల మీద ఒప్పుకుంది. ఆదివారం ఆరాధన మానకూడదు, ఊళ్లకు పోతే పోస్టుమామ వెంట ఉండాలి. పోస్టుమామ మా మేనమామే, పోస్టుమ్యానుగా చేసి రిటైరైనవాడు. (శాసనాల్లో సగం గుళ్లవే గదా, పిల్ల ఏమైపోతుందోనని అమ్మ పాదిరిగారిని అడిగితే, చదివితే ఏమీ కాదు, ఆ రాళ్లను ఎత్తబోతేనే నడుము పోతుందని ఆయన ధైర్యం చెప్పారట.) నకలు తీయడం పెద్దసారే నేర్పారు. రాతిని శుభ్రంగా కడిగి, తడిపిన దళసరి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టాలి. కాస్త ఆరాక గుడ్డ ఉండతో సిరా అద్దితే, నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా లేచి వస్తాయి. మొదటిసారి అలా లేచినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

మండలికి ఒక నియమం ఉండేది. ఏ శాసనమైనా అచ్చు కావడానికి ముందు అది దొరికిన ఊరికి మళ్లీ పోయి, జనాన్ని కూర్చోబెట్టి, చదివి, అర్థం చెప్పి రావాలి. రాయి వాళ్లది, మనం చదివిపెట్టేవాళ్లం మాత్రమే, వాళ్లకు చెప్పకుండా లోకానికి చెప్పడం మర్యాద కాదనేవారు పెద్దసారు. నాకది శుద్ధ చాదస్తంగా కనిపించేది. రాను పోను రెండు దినాలు, మధ్యలో దోమలు, దేనికి చెప్పండి?

కోట అనే ఊరికి తూర్పున, పడవలు తిరిగే పెద్ద కాలవ దాటాక ఒక పల్లెలో నా రాయి దొరికింది. (అవును, అప్పుడే నేను దాన్ని నా రాయి అనడం మొదలుపెట్టాను.) పంటకాలవ దాటడానికి అడ్డంగా వేసిన బండ అది. రెండు దినాలు దాని మీద వంగి నకలు తీశాను. పక్కింటి అవ్వ ఒకామె రెండు దినాలూ చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చి, అరుగు మీద కూర్చుని నన్నే చూస్తూ ఉండింది. ఇంటికొచ్చి చదివితే, సముద్రం మీద వచ్చే ఓడల సరుకులో ఇంత భాగం గుడి దీపానికి ఇవ్వాలని ఉంది. ఇంకేం కావాలి? ఇప్పుడు వరి తప్ప ఏమీ లేని ఆ పల్లె ఒకప్పుడు ఓడలు ఆగిన రేవన్నమాట. సముద్రం వెనక్కి జరిగింది, రేవు పూడిపోయింది, లోకం మరిచిపోయింది, నేను కనిపెట్టాను. పద్నాలుగు పేజీలు రాశాను. పెద్దసారు నకలును భూతద్దంతో చూసి, అక్షరం పొల్లుపోకుండా చదివావమ్మా అని మెచ్చుకుని, ఊరికి వినిపించి రమ్మన్నారు. అక్షరాలు సరిగ్గా ఉన్నాక ఇంకేముందిలే అని నేను ఆయనకు తెలియకుండా వ్యాసాన్ని ముందే ప్రెస్సులో ఇచ్చేశాను. అది నా పేరుతో అచ్చుకాబోయే మొదటి వ్యాసం. ఆ సంగతి బడిలో చెప్పాను, చర్చిలో చెప్పాను, మా హెడ్మిస్ట్రెసమ్మ ప్రార్థన గంటలో పిల్లలందరికీ చెప్పింది.

పల్లెలో యాభై మంది దాకా చేరారు. నేను గొంతు సవరించుకుని శాసనం చదివాను, ఓడలు తెప్పించాను, దీపాలు వెలిగించాను. అందరి మొహాలూ వెలిగిపోయాయి. మనది రేవయితే కలెక్టరును రోడ్డు అడగొచ్చని ఒక పడుచు రైతు లేచి అర్జీ సంగతి కూడా ఎత్తాడు. అప్పుడు మజ్జిగిచ్చిన అవ్వ అరుగు మీద నుంచే నోరు విప్పింది.

"నువ్వు చదివిందంతా బాగుండాది తల్లీ. అయితే ఆ రాయి ఈ ఊరిది కాదు గదా" అంది.

నేను నవ్వుతూ, మరెక్కడిదవ్వా అన్నాను.

"మా పుట్టింటిది. కృష్ణపట్నం పక్కన మా ఊరు. నా పెండ్లికి వచ్చినప్పుడు మా మామ దాన్ని చూసి, కాలవ దాటను బాగుంటాదని పడవలో ఏయించినాడు. చోటు లేక నన్ను దాని మీదనే కూర్చోబెట్టినారు. నేనూ ఆ రాయీ ఒకే దినం ఈ ఊరికి కాపురానికి వచ్చినాం."

జనం గొల్లుమన్నారు. రోడ్డు అడగబోయిన రైతు కూలబడ్డాడు. పోస్టుమామ తల పక్కకు తిప్పుకున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. నా కళ్ల ముందు పద్నాలుగు పేజీలు ఒక్కొక్కటే కాలవలో పడ్డాయి. కృష్ణపట్నానికి ఓడలు వచ్చేవని కనిపెట్టడానికి నేనెందుకు, అక్కడ పుట్టిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఉక్రోషం ఆపుకోలేక, మొదటిసారి వచ్చినప్పుడే చెప్పి ఉండొచ్చు గదా అని అడిగేశాను.

అవ్వ మొహంలో ఎగతాళి ఏమీ లేదు. "నువ్వు నన్నడగలేదు గదమ్మా" అంది. "రెండు దినాలూ రాయినే అడిగినావు."

తిరుగు పడవలో నేను ఏడుస్తూనే ఉన్నాను. మర్నాడు ప్రెస్సుకు పోతే నా వ్యాసం అప్పటికే సీసపు అక్షరాలతో నాలుగు పేజీలు కూర్చి ఉంది. కంపోజిటరు నేను చూస్తుండగానే నా రేవును అక్షరం అక్షరం విప్పి గళ్లలో వేసేశాడు. పెద్దసారు దగ్గరికి పోయి, దొంగచాటుగా ప్రెస్సుకిచ్చిన సంగతితో సహా అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన లేచి చెప్పులు వేసుకుంటూ, అవ్వ ఏ వేళప్పుడు ఇంట్లో ఉంటుందమ్మా అని అడిగారు. డెబ్బయ్యేళ్ల మనిషి ఆ బస్సు, ఆ పడవ అన్నీ ఎక్కి పోయి, అవ్వ అరుగు కింద నేల మీద కూర్చుని, ఆ పడవ ఏ రేవులో కదిలింది, రాయి అంతకుముందు ఎక్కడ పడి ఉండేది, అన్నీ అడిగి రాసుకున్నారు. అంత మర్యాదగా ఒక మనిషి ఇంకో మనిషి చెప్పేది వినడం నేను అంతకు ముందు చూడలేదు.

సంచికలో వ్యాసం రెండు పేజీలే వచ్చింది. ఒక పేజీలో నేను చదివిన శాసనం, రెండో పేజీలో అవ్వ చెప్పిన రాయి ప్రయాణం. రాసినవాళ్లు అన్నచోట పెద్దసారు మొదట అవ్వ పేరు, ఆ తర్వాత నా పేరు వేయించారు. సంతకం కూడా రాని ఆమె వెనక నన్ను నిలబెట్టారని నేను వారం రోజులు పెద్దసారుతో మాట్లాడలేదు. ఆదివారం మండలికి పోయి మొహం గంటుపెట్టుకుని కూర్చున్నాను. (ఆయన అది గమనించనట్టే ఉండి, నాకు మాత్రం రెండు కప్పుల కాఫీ ఇప్పించారు.)

ఇప్పుడు నేను ఆ అవ్వ వయసుకొచ్చాను. ఆ తర్వాత నా పేరు చాలా చోట్ల అచ్చయింది, ఒకటి రెండు పుస్తకాల అట్టల మీద కూడా ఒంటరిగా పడింది. ఎప్పుడైనా పాత సంచిక తీసి ఆ రెండు పేర్లూ చూస్తే, అలిగి కూర్చున్న ఆ టీచరమ్మ చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. పిచ్చిదానా, నీ పేరు అంత మంచి చోట మళ్లీ ఎప్పుడూ పడలేదే.