లోపల ఎవరన్న ఉన్నరా?

ఒక చప్పుడు ఆగిపోతుంటే పక్కన నిలబడి వినాలని మనిషికి ఎందుకుంటుంది? పెళ్ళికి పోతారు, చావుకు పోతారు. చప్పుడు ఆగడం చూడటానికి పోయేవాళ్ళుంటారా? బుచ్చయ్యను తలచుకున్నప్పుడల్లా ఈ ప్రశ్న ఎదురవుతుంది.

భూపాలపల్లిలో ఒక బొగ్గుబాయి మీద బుచ్చయ్య ఇరవై తొమ్మిదేళ్ళు ఫ్యాన్ ఖలాసీగా చేశాడు. బాయి లోపల గాలి ఆడించే ఫ్యాన్ అది. ఇల్లంత ఉంటుంది. దాని పక్కన చిన్న గదిలో చెవి ఒగ్గి కూర్చోవడమే ఆయన కొలువు. చప్పుడు సరిగ్గా ఉంటే, కింద పనిచేసే మూడు వందల మంది ఊపిరి సరిగ్గా ఉన్నట్టు. రిటైరయ్యాక, భార్య యాకమ్మ పోయాక, క్వార్టర్ ఖాళీ చేసి దంతాలపల్లిలో కూతురు శాంతి ఇంటికి వచ్చాడు. మూడేళ్ళయినా ఈ ఊరి నిశ్శబ్దం ఆయనకు ఒంటబట్టలేదు.

"ఏంది బిడ్డా, గింత సప్పుడు లేకుంటే మనిషికి నిద్రెట్ల పడుతది?" అనేవాడు.

శాంతి ఒక ప్రైవేటు బడికి ఇంటి నుంచే ప్రశ్నపత్రాలు, మార్కుల పట్టికలు టైపు చేసి ఇస్తుంది. పత్తి ఏరే రోజులు మొదలైన వారానికి ఆమె పాత లాప్‌టాప్ గురగురమనడం మొదలుపెట్టింది.

"నీ చేతిల పనే గదా నాయినా, జర చూడరాదు?"

"రేపు చూస్త తియ్."

ఆ రేపు పన్నెండు రోజులు సాగింది. శాంతి లాప్‌టాప్ తెరవగానే బుచ్చయ్య కుర్చీ జరుపుకొని పక్కకు చేరేవాడు. కళ్ళు మూసుకునేవాడు. మూడేళ్ళుగా కంటినిండా కునుకెరగని మనిషి ఆ గురగుర పక్కన గుర్రుపెట్టి నిద్రపోయేవాడు.

"ఇద్దరి గుర్రు నడుమ నా పని తెల్లారుతాంది" అని శాంతి నవ్వేది. మళ్ళీ అడగడానికి మనసొప్పేది కాదు.

మంగళవారం నాడు భూపాలపల్లి నుంచి నగేశ్ ఫోన్ చేశాడు. బాయి మీద ఆయనతో కలిసి పనిచేసినవాడు.

"అన్నా, మన బాయి మూసుడు ఖాయమైంది. గురువారం పొద్దుమీకి నాలుగింటికి ఫ్యాన్ బంద్ చేస్తరట."

బుచ్చయ్య ఫోన్‌ను చెవికి ఇంకాస్త గట్టిగా ఆనించుకున్నాడు. "అందరు పైకొచ్చిన్రా?" అని మాత్రం అడిగాడు.

"ఎవలున్నరన్నా లోపల! మనుషులు దిగక రెండు నెలలాయె."

"అయినా బంద్ చేసే ముందుగాల లోపల ఎవరన్న ఉన్నరా అని అడగాలెరా. ఎవడు అడుగుతడు గిప్పుడు?"

ఫోన్ పెట్టేసి కూతురి వైపు తిరిగాడు. "గురువారం నేను భూపాలపల్లి పోవాలె."

శాంతి ఒప్పుకోలేదు. పోయిన నెలలోనే దమ్ము లేచి, ఊపిరాడక మహబూబాబాద్ దవాఖానలో నాలుగు రోజులున్నాడు. ప్రయాణాలు వద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు.

"మూడు బస్సులు మారాలె నాయినా. నడుమల దమ్మొస్తే ఎవలు పట్టుకుంటరు? బంద్ చేసే ఫ్యాన్ కాడికి పోయి నువ్వేం చేస్తవు?"

"ఏం చెయ్య. నిలవడ్త."

"వద్దంటే వద్దు."

ఆయన మళ్ళీ అడగలేదు. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

బుధవారం మధ్యాహ్నం తనే అన్నాడు. "తే, నీ పెట్టె. చూద్దాం."

నడుస్తున్న లాప్‌టాప్ అడుగున స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. బాయి మీద ఇరవై తొమ్మిదేళ్ళు అట్లాగే విన్నాడు.

"రెండు రోగాలున్నయి. రెక్కలకు దుమ్ము పట్టింది. నడుమ ఇరుసు ఎండింది."

"బతుకుతదా డాక్టర్ సాబ్?"

"నీ అసుంటి మొండిది. బతుకుతది."

ఆపే మీట మీదికి పోయిన వేలు అక్కడే ఆగింది. "లోపల ఎవరన్న ఉన్నరా?"

శాంతి పకపకా నవ్వింది. "పదో తరగతి పిల్లల మార్కులున్నయి. ఆగు, సేవ్ చేస్త."

"చెయ్యి. అందరు బయటికొచ్చినంకనే బంద్ చెయ్యాలె." ఆ మాటలో నవ్వు లేదు.

కిందిరేకు విప్పాడు. తీసిన స్క్రూలను వరుస తప్పకుండా ఇడ్లీ పళ్ళెం గుంటల్లో పెట్టమన్నాడు. బ్యాటరీ వైరు ఊడదీశాక, బిస్కెట్ అంత ఫ్యాన్ బయటికొచ్చింది. గాలి పోయే సందులో పత్తి నూగు దుప్పటిలా పేరుకుని ఉంది. రెక్క తిరగకుండా అగ్గిపుల్ల అడ్డం పెట్టి పాత బ్రష్షుతో దులిపాడు. కుట్టుమిషన్ నూనెలో సూది ముంచి, ఒక్క బొట్టు ఇరుసు మీద వదిలాడు. వేలితో తిప్పి, అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూశాడు.

"గిది కూడ ఫ్యానే" అన్నాడు.

అన్నీ బిగించి మీట నొక్కితే తెర వెలిగింది. చప్పుడు లేదు.

"అబ్బ నాయినా! తిరుగుతాందో లేదో కూడ తెలుస్త లేదు."

బుచ్చయ్య మళ్ళీ స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు. ఏమీ వినబడక వాడిన ఆయన ముఖం చూసి శాంతికి తన సంబరం తప్పనిపించింది. ఆయన చెయ్యి పట్టుకొని లాప్‌టాప్ పక్క సందు దగ్గర పెట్టింది. "గాలొస్తాంది, చూడు."

అరచేతికి వెచ్చటి గాలి తగిలింది. ఆయన చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

గురువారం పొద్దున శాంతి మార్కులు ఎక్కిస్తూ కూర్చుంది. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినబడుతోంది. వంటింట్లో టిఫిన్ డబ్బా మూత నొక్కిన చప్పుడు. సీసాలో నీళ్ళు పడ్డ చప్పుడు. చెప్పుల చప్పుడు. నిన్నటి గురగుర ఉంటే ఇవేవీ ఆమె చెవిన పడేవి కావు. చివరికి గేటు గడియ.

డ్యూటీకి పోయేటప్పుడు ఆయన ఏనాడూ చెప్పి పోలేదు. బాయి మీదికి పోయే మనిషిని వెనక నుంచి పిలవకూడదని యాకమ్మ నమ్మకం. గేటు కాడికి ఉరికే చిన్న శాంతిని ఒళ్ళోకి గుంజుకొని నోటికి అరచెయ్యి అడ్డం పెట్టేది.

శాంతి లేచి గూట్లో చూసింది. దమ్ము మందు లేదు. తీసుకునే పోయాడు.

కిటికీలోంచి చూస్తే, భుజాన సంచితో కరెంటు స్తంభం దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగి ఉన్నాడు. నాలుగడుగులేస్తే అందుతాడు. ఒక్క కేకేస్తే చాలు. 'నాయినా' అన్న పిలుపు గొంతు దాకా వచ్చింది. ఆమె తన అరచేతినే నోటికి అడ్డం పెట్టుకుంది.

బుచ్చయ్య సంచి సర్దుకొని, వెనక్కి చూడకుండా బస్టాండ్ వైపు మలుపు తిరిగాడు.